కాసియన్ సార్ పటం కింద డిక్టేషన్

దయ్యాలన్నా, మహిమలన్నా మా ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. మా నాన్నది ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసమే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఏది పాడైనా దానికొక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే అది దొరికి తీరుతుందని ఆయన నమ్మకం. నేనూ అలాగే పెరిగాను. హాస్టల్ మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడైందని స్నేహితురాళ్లు భయపడితే, వెళ్లి నీళ్ల పైపులు చూసుకోమనేదాన్ని.

ఇప్పుడు నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగ్రాఫర్ని. విన్నది విన్నట్టు రాయడం నా పని. ఈ సంగతి కూడా అలాగే రాయాలని కూర్చున్నాను. ఇది జరిగి మూడేళ్లు దాటింది. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

అప్పట్లో నేను రెజిమెంటల్ బజార్‌లో తెలుగు షార్ట్‌హ్యాండ్ నేర్చుకునేదాన్ని. ఈ రోజుల్లో షార్ట్‌హ్యాండ్ ఎవరు నేర్చుకుంటారని చాలామంది నవ్వుతారు. కోర్టుల్లో, పెద్ద ఆఫీసుల్లో స్టెనో పోస్టులు ఇంకా పడుతూనే ఉన్నాయి. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి పోటీ తక్కువ. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్న నన్ను ఆ మాటే అక్కడికి తీసుకెళ్లింది.

పాత భవనం, మొదటి అంతస్తు. కింద ప్రెషర్ కుక్కర్లు బాగుచేసే దుకాణం. పైన ఒకటే పొడవాటి గది. ఒక గోడవారగా టైపు మిషన్లు, మధ్యలో బల్లలు, ఆ చివర విఠల్ సార్ కుర్చీ. సార్‌కి డెబ్బైకి దగ్గర. ఆ బజారులోనే పుట్టి పెరిగిన మనిషి. నుదుట సన్నటి కుంకుమ బొట్టు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో స్టాప్‌వాచ్. ఆయన కుర్చీ వెనక గోడకి ఒక పెద్ద పటం ఉండేది.

వేరే చోట అయితే అక్కడ సరస్వతి పటం ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఒక క్రైస్తవ పునీతుడిది. ఒక పెద్దాయన్ని స్తంభానికి కట్టేశారు. చుట్టూ పది పన్నెండు మంది బడిపిల్లలు. అందరి చేతుల్లోనూ కలాలు. ఆ కలాలతో ఆయన్ని పొడుస్తున్నారు. భుజాల మీద, ఛాతీ మీద, చేతుల మీద చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. 

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ సార్ ఆ పటం ముందు నిలబెట్టి కథ చెప్పేవారు.

"ఈయన పేరు కాసియన్. ఇటలీ దేశంల ఇమోలా అని ఒక ఊరుంది. గా ఊర్ల షార్ట్‌హ్యాండ్ సార్. నవ్వకుండ్రి, అప్పట్ల సుత షార్ట్‌హ్యాండ్ ఉండె. మైనం పూసిన పలక మీద ఇనుప పుల్లతోని రాస్తుండ్రి. మా దేవుళ్లకు మొక్కు అన్నరు సర్కారోళ్లు. మొక్క అన్నడు ఈయన. ఆయన నమ్మింది ఆయన నమ్మిండు, గంతే."

తర్వాత ఏం చేశారో కూడా అదే గొంతుతో, పాఠం చెప్పినట్టు చెప్పేవారు. ఆయన్ని తల నరికి చంపలేదు. చేతులు కట్టేసి, ఆయన దగ్గర చదువుకునే పిల్లలకే అప్పగించారు. మీ సార్ మిమ్మల్ని తిట్టాడు, కొట్టాడు, ఇక మీ ఇష్టం అన్నారు. రాసుకునే ఇనుప పుల్లలే పిల్లలకి ఆయుధాలయ్యాయి. "చిన్న చేతులు గద. జోరు లేదు. గందుకే పానం పోనీకి శానసేపు పట్టింది," అని సార్ ఆగేవారు.

పటానికి కూడా ఒక కథ ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది సార్ వాళ్ల గురువు ఆంథోనీ సార్. ఆయన ప్రార్థన పుస్తకంలో పెట్టుకునే అరచేతంత బొమ్మని రాంగోపాల్‌పేట్‌లో బోర్డులు రాసే పెయింటర్‌కి ఇచ్చి పెద్దది చేయించారట. ఆ పెయింటర్ మైనపు పలకలు ఎప్పుడూ చూడలేదు. అందుకని పిల్లల చేతుల్లో మన రాతిపలకలు పెట్టాడు. ఇనుప పుల్లలు సిరా కలాలయ్యాయి. స్తంభం ఏదో వరండా స్తంభంలా ఉంటుంది. పునీతుడి మొహం మన హెడ్మాస్టర్ల మొహంలాగే, చెంపలు నెరిసి, కాస్త విసుగ్గా ఉంటుంది. తర్వాత నేను ఇంటర్నెట్‌లో వేరే దేశాల చిత్రాలు చాలా చూశాను. వాటిలో ఆయన కళ్లు ఆకాశం వైపు ఉంటాయి, తల వెనక వెలుగు ఉంటుంది. మా పటంలో వెలుగు లేదు. నోరు మాత్రం తెరిచి ఉంటుంది.

"గా నోరు సూడుండ్రి," అనేవారు సార్. "ఒర్లుతలేడు, మొత్తుకుంటలేడు. డిక్టేషన్ ఇస్తుండు. మా పెయింటర్‌కు ఏం సమజైందో ఏమో, మంచిగ గీసిండు."

కాసియన్ సమాధి దగ్గర కూడా పాతకాలంలో ఇలాంటి చిత్రమే ఉండేదని, దారినపోయే యాత్రికుడొకడు దాన్ని చూసి కాపలా మనిషిని అడిగితేనే ఈ కథ లోకానికి తెలిసిందని కూడా చదివాను. అంతకు మించి నాకు ఆ పునీతుడి గురించి తెలియదు.

ఇక మేము చేసిన పని చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

షార్ట్‌హ్యాండ్ లోయర్ గ్రేడ్ పరీక్షకి గుర్తింపు ఉన్న ఇన్‌స్టిట్యూట్ ద్వారానే దరఖాస్తు పంపాలి. పొద్దున ఏడు గంటల బ్యాచ్‌లో మేము ఆరుగురం. నిమిషానికి ఎనభై మాటల వేగంతో రాసి, వందకి అయిదు తప్పులు దాటకూడదు. మా ఆరుగురికీ తప్పులు ఏడు, ఎనిమిది వస్తున్నాయి. సార్ దరఖాస్తుల మీద సంతకం పెట్టనన్నారు.

"ఫెయిలై వస్తిరనుకో, మల్ల పెన్ను పట్టరు మీరు. నాకు ఎరికే. ఆరు నెలలు ఆగుండ్రి," అన్నారు.

ఆ ఏడాది స్టెనో పోస్టులకి పెద్ద నోటిఫికేషన్ పడుతుందని చెప్పుకుంటున్నారు. చేతిలో సర్టిఫికెట్ లేకపోతే లేనట్టే. నాన్న రిటైర్మెంట్ కూడా ఆ ఏడాదే. ఆరు నెలలు అంటే నాకు ఆరేళ్లలా అనిపించింది.

రాంగోపాల్‌పేట్ నుంచి వచ్చే శ్రీకాంత్ అనే అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు. సార్ మీద ఇన్‌స్టిట్యూట్‌లకి గుర్తింపు ఇచ్చే పై ఆఫీసుకి ఫిర్యాదు రాస్తే, మమ్మల్ని వేరే ఇన్‌స్టిట్యూట్‌కి మార్చి పరీక్షకి కూర్చోబెడతారట. రాయడానికి అందరూ నా వైపు చూశారు. నా దస్తూరి బాగుంటుంది.

మూడు విషయాలు రాశాను. ఒకటి, ఆయనకి చెవి సరిగా వినపడదు, మేం సందేహం అడిగితే మరొకటి చెబుతారు. రెండు, మిషన్లు పాతబడిపోయాయి. మూడు, మా మీద ద్వేషంతో దరఖాస్తులు ఆపుతున్నారు.

మొదటి రెండూ నిజమే. మూడోది అబద్ధం. అది రాస్తున్నప్పుడే నాకు తెలుసు. 'ద్వేషంతో' అనే మాట శ్రీకాంత్ చెప్పాడు, నేను రాశాను. ఆరుగురం సంతకాలు పెట్టాం. మాలో పెద్దది అనూరాధక్క, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని చివరికి పెట్టింది.

తర్వాత రెండు వారాలు ఏమీ జరగలేదు. మేము రోజూ వెళ్లి ఆయన ఎదురుగానే కూర్చున్నాం. ఆయన రోజూ లాగే తప్పులు దిద్దారు. ఒకరోజు నా నోట్‌బుక్ చూసి, "ఇయ్యాల ఆరే తప్పులు. వస్తున్నవ్ బిడ్డా దారికి," అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. మా అమ్మ, "ఏటే, ఏటైనాది, అలగున్నావ్?" అని అడిగింది. తలనొప్పి అన్నాను.

ఆ తర్వాతి బుధవారం. వాన వచ్చి వెలిసింది. గదిలో లైట్లు వేసి ఉన్నాయి. ఏడుంపావుకి డిక్టేషన్ షురూ చేస్తున్నానని సార్ స్టాప్‌వాచ్ నొక్కారు. సహకార సంఘాల మీద పాత ప్రసంగం అది. శ్రీకాంత్ ఇంటి దగ్గర సాధన కోసం రోజూ డిక్టేషన్ ఫోన్‌లో రికార్డు చేసుకునేవాడు. ఆ రోజు కూడా ఫోన్ ముందు బల్ల మీద, సార్‌కి రెండు మూర్ల దూరంలో పెట్టాడు.

షార్ట్‌హ్యాండ్ తెలియనివాళ్లకి ఒక విషయం చెప్పాలి. ఎనభై వేగంలో రాస్తున్నప్పుడు అర్థం మీద మనసు ఉండదు. చెవిలో పడిన శబ్దం నేరుగా చేతిలోంచి గీతగా దిగిపోతుంది. తల ఎత్తితే వెనకబడిపోతాం. ఏం రాశామో తర్వాత మామూలు అక్షరాల్లో తిరగరాసుకునేటప్పుడే తెలుస్తుంది. సార్ ఒక్కోసారి ప్రసంగం అయిన వెంటనే ఒక ఉత్తరం కూడా ఇచ్చేవారు. కాబట్టి విషయం మారినా ఎవరికీ వింతగా అనిపించదు.

నేను రాశాను. అందరం రాశాం. సార్ గొంతు ఎప్పటిలాగే ఉంది. ఎత్తూ తగ్గూ లేకుండా, ప్రతి వాక్యం చివర చిన్న విరామంతో. అది నాకు బాగా గుర్తు. 'ఇట్లు, భవదీయుడు' అని వినపడింది. రాసి పెన్ను ఎత్తాను. ఆరుగురివీ ఒకేసారి లేచాయి. 'స్టాప్' అంటారని ఎదురుచూశాం. అనలేదు.

తల ఎత్తి చూసిన అనూరాధక్క కేక వేసింది.

సార్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. నోరు కుడివైపుకి జారిపోయి, చొంగ చొక్కా మీద పడుతోంది. కుడి చెయ్యి బల్ల కిందకి వేలాడుతోంది. ఎడమ చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా తిరుగుతోంది. కళ్లు మా వైపే చూస్తున్నాయి.

కింద కుక్కర్ దుకాణం ఆయన, మేము కలిసి సార్‌ని కుర్చీతో సహా కిందికి దించి, ఆటోలో దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. పక్షవాతం అన్నారు. డ్యూటీ డాక్టర్ ముందు అడిగిన ప్రశ్న ఒకటే. మాట ఎప్పుడు పడిపోయింది? సరైన సమయం చెబితేనే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా తేల్చగలం అన్నారు.

ఇప్పుడే, అరగంట కూడా కాలేదు, డిక్టేషన్ పూర్తిగా చెప్పాకే ఇలా అయింది అని చెప్పాం. శ్రీకాంత్‌కి ఫోన్ గుర్తొచ్చింది. రికార్డింగ్‌లో సరిగ్గా నిమిషాలతో సహా ఉంటుంది డాక్టర్ గారూ అని వినిపించాడు.

సార్ గొంతు స్పష్టంగా ఉంది. ఒక నిమిషం నలభై సెకన్ల దాకా ప్రసంగం నడిచింది. 'రైతులకు సకాలంలో' అన్న దగ్గర నాలుక మడతపడింది. 'సకాలంలో' అని మళ్లీ ప్రయత్నించారు. తర్వాత గొంతు లేదు.

తర్వాత ఉన్నది మా పెన్నుల చప్పుడు.

కాగితం మీద ఆరు పెన్నులు గీస్తున్న చప్పుడు. ఆగకుండా, ఒకే వేగంతో. మధ్యలో ఎవరో పేజీ తిప్పారు. కింద రోడ్డు మీద హారన్ వినిపించింది. దాదాపు మూడు నిమిషాలు అంతే. ఆఖర్న చప్పుడు ఆగింది, అనూరాధక్క కేక వినపడింది.

డాక్టర్‌కి కావలసింది దొరికింది. ఆయన లోపలికి వెళ్లిపోయారు. మేము ఆరుగురం వరండాలో మిగిలాం.

"మైక్ ఖరాబైందా ఏందీ?" అన్నాడు శ్రీకాంత్. పాడైతే పెన్నుల చప్పుడు ఎలా వినపడుతుందని ఎవరూ అడగలేదు.

నోట్‌బుక్ తెరుద్దాం అంది అనూరాధక్క. సంచులు మా భుజాలకే ఉన్నాయి. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఆమె తన గీతల్ని మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టింది. సహకార సంఘాలు, రైతులు, సకాలంలో. అక్కడ వాక్యం తెగిపోయింది. తర్వాతి పంక్తి నుంచి ఒక ఉత్తరం. నా నోట్‌బుక్‌లోనూ అదే ఉంది. తప్పులతో సహా ఎవరిది వాళ్లదే కానీ, ఆరింటిలోనూ మాటలు అవే. అది మామూలు అక్షరాల్లో ఇలా ఉంటుంది.

'గౌరవనీయులైన అధికారి గారికి, నా మీద వచ్చిన ఫిర్యాదుకు సమాధానంగా మనవి చేసుకుంటున్నాను. మొదటి విషయం నిజమే. నా ఎడమ చెవి రెండేళ్లుగా సరిగా వినపడదు. చెప్పేవాడికి నోరు చాలు, చెవులు రాసేవాళ్లకు కావాలి అనుకుని ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు. రెండో విషయం, మిషన్లు పాతవే, కానీ అక్షరం పడుతుంది. మూడో విషయం గురించి నేను చెప్పుకునేది ఏమీ లేదు. రాసినవారి దస్తూరి బాగుంది. అక్షర దోషాలు లేవు. వారు నా విద్యార్థులే. ఈ ఫిర్యాదు వల్ల వారి పరీక్షకు ఆటంకం రాకుండా చూడవలసిందిగా కోరుతున్నాను. నాలుగో విషయం, గదికి రెండో తలుపు ఉంది. వానజల్లు కొడుతోందని ఎన్నడో బీరువా అడ్డం పెట్టించాను. తీయిస్తాను.'

ఇంకా కొన్ని మర్యాద వాక్యాలు ఉన్నాయి. చివర 'ఇట్లు, భవదీయుడు'. పేరు లేదు.

దస్తూరి మాట దగ్గరికి వచ్చేసరికి నేను నా నోట్‌బుక్ మూసేశాను. శ్రీకాంత్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, "నాలుగోది ఏంది? మనం మూడే రాసినం గద," అన్నాడు.

అవును. మేము మూడే రాశాం. తలుపు గురించి మేమెవరం రాయలేదు. ఆ గదికి మెట్ల వైపు తలుపు తప్ప ఇంకొకటి ఉందని మాకెవరికీ తెలియదు.

మూడో రోజు ఆసుపత్రిలో సార్ భార్య యశోదమ్మ గారు నన్ను పక్కకి పిలిచారు. ఆమె చేతిలో రిజిస్టర్ పోస్టులో వచ్చిన కవరు ఉంది.

"ఏందో ఆఫీసు కాగితం వచ్చింది బిడ్డా. నా కండ్లద్దాలు ఇంట్ల ఉన్నయి. జెర సదువు," అన్నారు.

అది సార్‌కి వచ్చిన నోటీసు. మా ఫిర్యాదు జిరాక్స్ కాపీ దానికి కుట్టి ఉంది. నా దస్తూరి నా కళ్లకే పరాయిదిలా కనిపించింది. నోటీసులో నాలుగు అంశాలకి సమాధానం అడిగారు. మొదటి మూడూ మావి. నాలుగోది ఆఫీసు వాళ్లే చేర్చింది. పాత తనిఖీ నివేదిక ప్రకారం గదికి ఒకే తలుపు ఉందని, ప్రమాదం జరిగితే బయటపడే దారి లేదని.

నోటీసు మీద తేదీ చూశాను. సార్ పడిపోవడానికి ముందు రోజుది. పోస్టు అందింది మూడో రోజున.

నేను ఆమెకి అంతా చదివాను. కింద ఉన్న ఆరు సంతకాలు కూడా చదివాను. అందులో నా పేరూ చదివాను. ఆమె కవరు తీసుకుని కొంగులో చుట్టుకున్నారు.

"ఇప్పుడు సార్‌కు చెప్పకుండ్రి. మంచిగైనంక మీరే చెప్పుకోండ్రి," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆమె దగ్గర తాళం తీసుకుని, మేము ఆరుగురం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాం. వెనక గోడకి ఒక ఇనుప బీరువా ఉండేది, నిండా పాత పరీక్ష పేపర్లు. ఖాళీ చేసి జరపడానికి గంట పట్టింది. వెనక తలుపు ఉంది. నీలం రంగు, కింది చెక్క వానకి ఉబ్బి కుళ్లిపోయింది. గడియ తుప్పు పట్టి ఊడలేదు. కుక్కర్ దుకాణం ఆయన సుత్తి తెచ్చి కొడితే ఊడింది. అవతల వెనక సందులోకి దిగే ఇనుప మెట్లు. తలుపులోంచి వెలుతురు గది మధ్య దాకా వచ్చింది. 

ఆ రోజే మేము పై ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాం. మూడో విషయం అబద్ధమని నేను రాసి సంతకం పెట్టాను. అక్కడి ఉద్యోగిని అడిగాను, నోటీసు సంగతి సార్‌కి ముందుగా ఎవరైనా ఫోన్ చేసి చెప్పారా అని. మేమెందుకు చేస్తామమ్మా, పోస్టే కదా పంపేది అన్నాడాయన.

అంటే లెక్క ఇలా ఉంది. ఫిర్యాదు సంగతి మాకు తెలుసు, సార్‌కి తెలియదు. తలుపు సంగతి సార్‌కి తెలుసు, మాకు తెలియదు. నాలుగో అంశం ఆఫీసుకి తప్ప మా రెండు వైపులా ఎవరికీ తెలియదు. ఆ మూడూ కలిసి ఒకే ఉత్తరంలో, ఎవరూ మాట్లాడని మూడు నిమిషాల్లో, ఆరు నోట్‌బుక్‌లలోకి ఎలా వచ్చాయి?

నేను కారణాలు వెతక్కుండా ఊరుకోలేదు. తప్పు చేసిన భయంతో మాకే అలా తోచిందేమో అనుకున్నాను. ఆరుగురికీ ఒకే మాటలు ఎలా తోస్తాయి? సార్ గొణిగారేమో, రికార్డు కాలేదేమో అనుకున్నాను. మా నాన్న ఆ రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో వేసి, శబ్దం పెంచి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడు, నా గాజుల చప్పుడు, ఫ్యాను చప్పుడు విడివిడిగా పట్టుకున్నారు. మనిషి గొంతు దొరకలేదు. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి, "ఏటోనమ్మా, నాకు అంతు సిక్కలేదు," అన్నారు. ఆయన నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు.

సార్‌కి మాట రావడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ కొద్దికొద్దిగా, మధ్యలో మాటలు దొరక్క ఆగుతూ. ఒక సాయంత్రం అనూరాధక్కా నేనూ వాళ్లింటికి వెళ్లాం. నేను కుర్చీ పక్కన కింద కూర్చుని, సార్, ఆ ఫిర్యాదు రాసింది నేను అని చెప్పాను. ఆయన ఎడమ చెయ్యి నా తల మీద పెట్టి తీశారు. అప్పటికే యశోదమ్మ గారు కాగితాలు చూపించారట.

ఉత్తరం చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. రెండోసారి మిషన్ల మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపారు.

"గిది... నాది కాదు. మిషన్లు మంచిగనే... ఉన్నయి. పాతవని నేనైతే... రాయ."

అనూరాధక్కకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆయన చెప్పింది నిజం. ఆ మిషన్లని పాతవని ఎవరన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆ రోజు ఏం జరిగింది, మీకేం గుర్తుంది సార్ అని అడిగాను. ఆయన చాలాసేపు మాటలు కూడదీసుకున్నారు.

"నోరు తిరగలే. చెయ్యి లేపుదామంటే... లేస్తలేదు. పిలుద్దామంటే గొంతు లేదు. మీరు రాస్తనే ఉన్నరు. ఆరుగురు. ఒక్కరు సుత... తలెత్తలే." ఆగి ఊపిరి తీసుకున్నారు. "వీళ్లకు ఎవలు చెప్తున్నరు అని... నేను సుత వినబట్టిన."

"వినపడిందా సార్?"

సార్ నా వైపు చూశారు. నోరు ఒక పక్కే కదిలింది. అది నవ్వని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టింది.

"నాకు చెవుడని... మీరే రాస్తిరి గద బిడ్డా."

 నేను మళ్లీ అడగలేదు.

ఆయన మళ్లీ క్లాసుకి రాలేదు. ఇన్‌స్టిట్యూట్‌కి గుర్తింపు పోలేదు. దాన్ని ఇప్పుడు అనూరాధక్క నడుపుతోంది. పటం అక్కడే ఉంది. యశోదమ్మ గారు అప్పుడప్పుడు వచ్చి దాని ముందు ఒక పువ్వు పెట్టి వెళతారు. ఎందుకమ్మా అంటే, "నాకేం తెల్వదు బిడ్డా, పెట్టాలనిపించింది," అంటారు. సార్ అన్నట్టే మేము ఆరు నెలలు ఆగి పరీక్ష రాశాం. ఆరుగురిలో అయిదుగురం గట్టెక్కాం. శ్రీకాంత్ ఇంకోసారి రాయాల్సి వచ్చింది, అప్పుడు పాసయ్యాడు. ఆ రికార్డింగ్ అతని ఫోన్‌లో ఇంకా ఉంది. నేను రెండోసారి వినలేదు.

నా నోట్‌బుక్ కూడా ఉంది. నా చేతి గీతలే, అనుమానం లేదు. ఆ గీతలకి ముందు నా చెవిలో పడిన గొంతు సార్‌ది అని ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన అప్పుడు మాట్లాడలేదని కూడా అంతే గట్టిగా చెప్పగలను. ఈ రెండూ ఎలా నిజమో నాకు తెలియదు. మూడేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

ఉద్యోగంలో చేరాక నాకు ఒక అలవాటు పడింది. మా ఆఫీసర్ గారు డిక్టేషన్ ఇస్తున్నప్పుడు ఆయన నోటి వంక చూస్తూ రాస్తాను. స్టెనోలు అలా చేయకూడదు, వేగం తగ్గుతుంది. ఒకసారి ఆయన ఆగి, "నా మొహానికేమైనా అంటిందా అమ్మా?" అని అడిగారు. లేదు సార్, అలవాటు అన్నాను.

పెదవులు కదులుతున్నంతసేపే రాస్తాను. అవి ఆగగానే పెన్ను కాగితం మీద నుంచి ఎత్తి పట్టుకుంటాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదని తేల్చుకున్నాకే మళ్లీ కింద పెడతాను.